24 గంటల కడుపునొప్పి: అనుమానము గలిగిన రోగికి పరిచర్య
(అరకు లోయ ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశములలో బాటలను గూర్చియు, మంచినీటిని గూర్చియు, పాఠశాలలను గూర్చియు చర్చలు జరుగుట పరిపాటి. ఈనాడు మేము కడుపునొప్పిని గూర్చి మాటలాడ వచ్చితిమి. ఒక మనిషి కడుపునొప్పి పంచాయతీ విషయ మెట్లగునని మీలో కొందరు తలంపవచ్చును. పట్టణమున నొప్పి వచ్చినవాడు ఆటో ఎక్కి అరగంటలో ఆసుపత్రి చేరును. కొండమీది గూడెమున అట్లు కాదు. డోలీ మోయుటకు మనుషులు కావలెను. సెల్‌ఫోనుకు సంకేతము దొరకు మిట్ట వరకు ఎవరైన నడిచి పోవలెను. వెంట పోవువారు ఇంటిపనిని, పొలముపనిని, పసిబిడ్డలను ఎవరికైన అప్పగింపవలెను. ఇవి ఒక ఇంటివారు ఒంటరిగా చేయగలిగిన పనులు కావు, ఊరు చేయవలసిన పనులు. కావున ఇది పంచాయతీ విషయమే.

రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73వ సవరణ ద్వారా చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీల కప్పగింపదగిన 29 అంశములు కలవు. అందు 23వ అంశము ఆరోగ్యము, పారిశుద్ధ్యము. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, ఔషధాలయములు అందులోనివే. 1996 నాటి పీసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములందలి గ్రామసభకు ప్రత్యేక గౌరవ మిచ్చినది. ఈ మాటలు కాగితముపై నుండక రోగి మంచము వరకు ఎట్లు రావలెనో చెప్పుటయే మా ఉద్దేశము.

పేరులోని హెచ్చరిక

డాక్టర్లు అపెండిసైటిస్ అని పిలుచు వ్యాధిని మన తెలుగువారు చిరకాలముగా “24 గంటల నొప్పి” యనుచున్నారు. ఈ పేరును కొందరు రెండు విధముల అపార్థము చేసికొనుచున్నారు. 24 గంటలు ఓర్చుకొన్న నొప్పి తనంతట తానే పోవునని కొందరి నమ్మకము. 24 గంటల వరకు ఆగుటకు వ్యవధి యున్నదని మరికొందరి తలంపు. రెండును సరికావు. ఈ నొప్పి విషయమున గంటలు లెక్కింపవలెనని ఆ పేరు మనకు చెప్పుచున్నది. ఎముక విరిగిన కాలు కంటికి కనబడును. పాము కాటును ఎవరును తేలికగా తీసికొనరు. కడుపునొప్పి మాత్రము పైకి కనబడదు. “ఏదో తిన్నాడు, తెల్లవారుసరికి తగ్గును” అని మాటలాడుచుండగనే రాత్రి గడచిపోవును.

వ్యాధి స్వభావము

మన కడుపులో కుడివైపు క్రిందిభాగమున, పెద్దప్రేగు ఆరంభమున, తోకవంటి చిన్న అవయవ మొకటి వ్రేలాడుచుండును. దాని పేరు అపెండిక్స్. పాఠ్యపుస్తకములు దీనిని ఉండుకమనుచున్నవి. పొడవు సాధారణముగా రమారమి 3 అంగుళములు. దీని నోరు గట్టిపడిన మలపు ముక్క చేతను, లోపలి కణజాలము వాచుట చేతను, ఒక్కొక్కప్పుడు ప్రేగులలోని పురుగుల చేతను మూసికొనిపోవును. అప్పుడు లోపలి ద్రవము బయటకు పోవు దారి లేక ఒత్తిడి పెరుగును. రక్తప్రసారము తగ్గును. సూక్ష్మక్రిములు వృద్ధి పొందును. చివరకు ఆ తోక చివికి పగిలినచో చీము, మలము కడుపంతట వ్యాపించి ప్రాణాపాయము కలుగును.

నొప్పి ఆరంభమైన పిమ్మట 36 గంటలు దాటినకొలది పగులు ప్రమాదము పెరుగును. చిన్నపిల్లలలోను, వృద్ధులలోను ఇంకను ముందుగనే పగులవచ్చును. పగులకముందు చికిత్స పొందినవారు సాధారణముగా కొద్దిదినములలో ఇల్లు చేరుదురు. పగిలిన పిమ్మట వచ్చినవారు వారములకొలది ఆసుపత్రిలో నుండవలసి రావచ్చును. రోగి ఒక్కడే, వ్యాధి ఒక్కటే. నడుమ గడచిన గంటలే ఈ భేదమునకు కారణము.

ఈ వ్యాధి ఏ వయసువారికైన రావచ్చునుగాని 10 మొదలు 30 ఏండ్లలోపు వారికి ఎక్కువ. అనగా బడికి పోవు పిల్లలకు, కాఫీతోటలలో పనిచేయు యువకులకు, పసిబిడ్డల తల్లులకు. పాశ్చాత్య దేశముల లెక్కలలో నూటికి 7 లేక 8 మంది తమ జీవితకాలమున ఎప్పుడో ఒకప్పుడు దీని పాలగుచున్నారు. ఇది శాపము కాదు, ఎవరి తప్పువలనను వచ్చునది కాదు. ఇంగ్లండు రాజైన 7వ ఎడ్వర్డు పట్టాభిషేకము 1902 జూన్ 26న జరుగవలసియుండగా రెండు దినముల ముందు ఆయనకు ఈ వ్యాధి కారణముగనే శస్త్రచికిత్స చేయవలసి వచ్చినది. పట్టాభిషేకము ఆగస్టు 9వ తేదీకి వాయిదా పడినది. రాజునకైనను ఈ నొప్పికి వాయిదా లేకపోయినది, ఉత్సవమునకే వాయిదా వచ్చినది.

గుర్తించుట ఎట్లు?

వ్యాధి ఇదియే యని నిర్ణయించుట డాక్టరు పని. ఊరివారికి అనుమానము కలిగిన చాలును. అనుమానము కలిగించు లక్షణము లివి.

మొట్టమొదట బొడ్డు చుట్టును మందకొడి నొప్పి పుట్టును. కొన్ని గంటలలో అది కుడివైపు క్రిందికి దిగి ఒకచోట నిలిచి తీవ్రమగును. ఆకలి పూర్తిగా చచ్చిపోవును. నొప్పి పుట్టిన పిమ్మట ఒకటి రెండు వాంతులగును. స్వల్పముగా జ్వరము తగులును. రోగి కదలుటకు భయపడును, కుడికాలు ముడిచి పండుకొనును, దగ్గినను తుమ్మినను నొప్పి హెచ్చును.

ఈ వరుసలోనే అందరికిని రాదు. గర్భిణీ స్త్రీలలో నొప్పి మరికొంత పైగా ఉండవచ్చును. చిన్నపిల్లలు చోటు చూపలేరు, ఏడ్చుచు అన్నము మానుదురు. వృద్ధులలో నొప్పియు జ్వరమును తక్కువగా కనబడి లోపల వ్యాధి ముదురుచుండును.

మన కొండలలో మరి కొన్ని విషయములు జ్ఞాపకముంచుకొనవలెను. జ్వరమున్నదని మలేరియా పరీక్ష చేయించుట మంచిదే. కాని ఆ పరీక్షకై ప్రయాణము నిలుపరాదు. మలేరియా ఉన్నను కడుపులో వేరొక వ్యాధి యుండవచ్చును. గిరిజన కుటుంబములలో సికిల్ సెల్ వ్యాధి గలవారు కలరు. వారికి ఆ వ్యాధివలననే తీవ్రమైన కడుపునొప్పి రావచ్చును. అట్టివారికి ఇచ్చిన కార్డును తప్పక వెంట తీసికొని పోవలెను. నెల తప్పిన స్త్రీకి పొత్తికడుపున నొప్పి వచ్చి కళ్ళు తిరిగినచో గర్భసంచికి వెలుపల గర్భము నిలిచియుండవచ్చును. అది మరింత తొందరపడవలసిన స్థితి. వీనిలో ఏది యైనను ఊరివారు చేయవలసిన పని యొక్కటే: ఆసుపత్రికి చేర్చుట. కావుననే వ్యాధి పేరును గూర్చి తర్కించుచు కాలము గడుపరాదని చెప్పుచున్నాము.

ఇంటియొద్ద చేయవలసిన పరిచర్య

అనుమానము కలిగిన క్షణము మొదలు వాహనము వచ్చువరకు రోగికి చేయవలసిన పరిచర్య మిక్కిలి సులభము. దానికి చదువుకన్న శ్రద్ధ ముఖ్యము.

మొదటిది, కాలమును గుర్తించుట. నొప్పి ఎప్పుడు పుట్టినదో అడిగి ఒక కాగితముపై వ్రాయుడు. గడియారము లేని యింట “పశువులు ఇంటికి చేరు వేళ”, “తొలికోడి కూసిన వేళ” యని చెప్పినను చాలును, ఆశా కార్యకర్త దానిని గంటలలోనికి మార్చి వ్రాసికొనును. నొప్పి మొదట ఎక్కడ పుట్టినది, ఇప్పుడెక్కడ నున్నది, వాంతులెన్ని, తుది భోజన మెప్పుడు, ఏ మందులు మ్రింగినాడు, స్త్రీయైనచో నెల ఎప్పుడు వచ్చినది, ఇవన్నియు ఆ కాగితమునందే వ్రాయవలెను.

రెండవది, రోగిని పరుండబెట్టుట. వీపు క్రింద దుప్పటి మడత పెట్టి తల, భుజములు కొంచె మెత్తుగా నుంచవలెను. మోకాళ్ళ క్రింద మరియొక మడత పెట్టి కాళ్ళు కొంచెము ముడుచునట్లు చేయవలెను. ఇట్లు చేసిన కడుపు కండరములు సడలి నొప్పి కొంత తగ్గును. రోగికి ఏ ప్రక్క హాయిగా నున్న ఆ ప్రక్కకే తిరుగనిండు.

మూడవది, నోటిద్వారా ఆహారము ఈయకుండుట. అంబలి, గంజి, పాలు, టీ, కల్లు ఏదియు వలదు. శస్త్రచికిత్స చేయవలసి వచ్చినచో మత్తుమం దిచ్చునపుడు కడుపులోని ఆహారము వాంతియై ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము కలదు. పెదవు లెండినచో తడిగుడ్డతో తుడువుడు. ప్రయాణము బహుదూరమైనచో, రోగి పసిబిడ్డయైనచో, గుక్కెడు నీరు ఈయవచ్చునా యని ఏ.ఎన్.ఎం.నుగాని 108 వారినిగాని అడిగి చేయుడు. శరీరము ఎండిపోకుండ సెలైను ఎక్కించు పని వారిది.

నాల్గవది, కనిపెట్టియుండుట. గంటకొకసారి నాడి చూచి వ్రాయవలెను. పెద్దవారిలో విశ్రాంతిగా నున్నప్పుడు నాడి నిమిషమునకు 60 మొదలు 100 వరకు ఉండును. 100 దాటి పెరుగుచున్నచో వ్యాధి ముదురుచున్నదని అనుమానింపవలెను. థర్మామీటరుతో జ్వరము చూచి వ్రాయవలెను. మూత్ర మైనదా లేదా, కడుపు ఉబ్బుచున్నదా, ముఖము పాలిపోవుచున్నదా గమనింపవలెను.

ఇచ్చట ఒక ముఖ్య విషయము కలదు. అంతవరకు మెలికలు తిరిగిన రోగి హఠాత్తుగా “నొప్పి తగ్గినది” అనవచ్చును. ఇంటివారు సంతోషించి వాహనమును వెనుకకు పంపుదురు. పగులుటచేత లోపలి ఒత్తిడి విడిపోయినప్పుడును నొప్పి ఇట్లే తగ్గును. కొద్ది గంటలలో కడుపంతయు చెక్కవలె గట్టిపడి, జ్వరము హెచ్చి, రోగి నీరసించును. కావున నొప్పి తగ్గినను ప్రయాణము మానవలదు.

అయిదవది, ధైర్యము చెప్పుట. రోగి దగ్గర ఎల్లప్పుడు ఒకరుండవలెను. చుట్టును పదిమంది మూగి ఏడ్చుట పరిచర్య కాదు.

చేయగూడని పనులు

ఆముదముగాని, మరి యే విరేచనపు మందుగాని ఈయరాదు. ఎనిమా చేయరాదు. మూసికొనిపోయిన ప్రేగు తోకపై అది మరింత ఒత్తిడి తెచ్చును. కడుపు రుద్దరాదు, పిసుకరాదు. వేడి కాపడము పెట్టరాదు. సారా పోయరాదు. వాతలు పెట్టరాదు. వాత నొప్పిని తగ్గింపదు సరికదా, డాక్టరు పరీక్షింపవలసిన చోటనే పుండు చేయును.

సంత అంగడిలో దొరకు మాత్రలు కొని మ్రింగించి వేచియుండుట మరొక పొరపాటు. నొప్పి తగ్గుటకు డాక్టరుగాని, ఆరోగ్య సిబ్బందిగాని మందిచ్చిన దానివలన వ్యాధి నిర్ణయమునకు హాని లేదని నేటి వైద్యశాస్త్రము తెలిసికొన్నది. కావున రోగిని నొప్పితో మాడ్చవలెనని మేము చెప్పుట లేదు. ఇచ్చిన మందు పేరు, వేళ వ్రాసి పంపవలెను. మాత్ర వేసితిమి కదా యని ఇంటివద్ద కూర్చుండరాదు.

“శస్త్రచికిత్స లేకుండ మందులతో నయమగునట” యని విన్నవారు మీలో నుందురు. అది కొంతవరకు నిజమే. అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన యొకటి 2020లో ప్రకటింపబడినది. క్రిమిసంహారక మందులు మాత్రమే పొందినవారిలో నూటికి 70 మందికి పైగా 90 దినములలోపల శస్త్రచికిత్స అవసరము లేకపోయినది, సుమారు 30 మందికి చేయవలసి వచ్చినది. కాని ఆ మందులు స్కానింగుతో వ్యాధి నిర్ణయించి, ఎవరికి తగునో డాక్టర్లు ఎన్నిక చేసి ఇచ్చినవి. మరల నొప్పి వచ్చిన తక్షణము పోదగిన ఆసుపత్రి వారికి సమీపమున కలదు. అంగడి మాత్రతో దానికి పోలిక లేదు.

దిసారిని గూర్చి ఒక మాట. మన గూడెములలో రోగము వచ్చినప్పుడు ముందుగా దిసారి కడకు పోవువారు అనేకులు. ఆయనపై ఊరికి నమ్మక మున్నది. ఆ నమ్మకమును నిందించి మనము సాధించున దేమియు లేదు. ఆయనను సమావేశమునకు పిలిచి ఈ లక్షణములు వివరింపుడు. పూజ చేయవలెనన్న ఇంటివారు రోగి ప్రయాణమైన పిమ్మట చేసికొనవచ్చును. “ఈ నొప్పి ఆసుపత్రి నొప్పి, ముందు డోలీ ఎత్తుడు” అని దిసారి నోటినుండి వచ్చిన మాట మా ప్రసంగములు పదింటికన్న ఎక్కువ పని చేయును.

డోలీ నుండి ఆసుపత్రి వరకు

ఒక గూడెమును ఊహింపుడు. సాయంత్రము ఆరు గంటలకు పదునాలుగేండ్ల పిల్లవానికి బొడ్డువద్ద నొప్పి పుట్టినది. తొమ్మిదింటికి వాంతి యైనది. ఇంటివారు తెల్లవారనిండనిరి. ఉదయ మెనిమిదింటికి మోయువారికై వెదకిరి, వారు పొలములకు పోయియుండిరి. పదునొకండింటికి డోలీ లేచినది. రోడ్డు చేరునప్పటికి రెండు గంటలైనది. అచ్చట ఫోను చేసి వాహనమునకై వేచిరి. దగ్గరి ఆసుపత్రిలో ఆనాడు శస్త్రవైద్యుడు లేక మరల ప్రయాణము. శస్త్రచికిత్స బల్ల మీదికి చేరునప్పటికి 30 గంటలు దాటినవి. ఇందులో నిజముగా నడకకు, వాహనమునకు పట్టినది కొన్ని గంటలు మాత్రమే. తక్కినదంతయు నిర్ణయించుకొనలేక పోయిన కాలము, మనుషులకై వెదకిన కాలము, తెలియక తిరిగిన కాలము. ఆ కాలమును మిగుల్చుట పంచాయతీ చేతిలోనున్నది.

1961 ఏప్రిల్ 30న అంటార్కిటికా మంచుఖండమునందలి సోవియట్ స్థావరమున లియోనిద్ రొగొజొవ్ అను యువ డాక్టరుకు ఈ వ్యాధి ముదిరినది. అచ్చట మరియొక డాక్టరు లేడు, వాతావరణము వలన విమానము రాలేదు. తోటివారు అద్దము పట్టి, పరికరము లందింపగా ఆయన తనకు తానే శస్త్రచికిత్స చేసికొని బ్రతికెను. వ్యాధి తెలిసినవాడు ఆగుట కన్న అంత సాహసమే మేలని యెంచెను. మనకు అంత సాహసము అక్కరలేదు. మనకు 108 కలదు, అరకులో ఆసుపత్రి కలదు, పాడేరులో జిల్లా ఆసుపత్రియు, 2024లో ఆరంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలయు కలవు. అరకు నుండి రమారమి 115 కిలోమీటర్ల దూరమున విశాఖపట్టణములో 1923 నుండి సేవచేయుచున్న కింగ్ జార్జి ఆసుపత్రి కలదు.

డోలీలో పంపునపుడు దుప్పటిని మరీ లోతుగా వ్రేలాడనీయక, రోగి తల ఎత్తుగాను, మోకాళ్ళు ముడిచియు ఉండునట్లు సరిచేయవలెను. నులకమంచమునకు వెదుళ్ళు కట్టి మోసిన మరింత మేలు. మోయువారు రెండు జట్టులుగా నుండి భుజములు మార్చుకొనవలెను. రాత్రియైనచో ముందొకరు, వెనుక నొకరు దీపముతో నడువవలెను. వానకు కప్పుటకు ప్లాస్టిక్ పట్టా వెంట నుండవలెను. డోలీ లేచుటకు ముందే ఒకరు సంకేతము దొరకు చోటికి పోయి 108కి ఫోను చేయవలెను. డోలీ రోడ్డెక్కు వేళకు వాహనము అచ్చటికి చేరవలెను.

ఘాటు రోడ్డు కుదుపులకు రోగి ఎట్లున్నాడో గమనింపుడు. 2012లో ఇంగ్లండున ప్రకటింపబడిన పరిశీలన యొకటి కలదు. రోడ్డుపై వేగనిరోధకములు దాటి ఆసుపత్రికి వచ్చిన అపెండిసైటిస్ రోగులు 34 మందిలో 33 మందికి ఆ కుదుపునకు నొప్పి హెచ్చినది. “బండి ఎగిరినప్పుడు నొప్పి హెచ్చినదా?” అని డాక్టరు అడిగిన జవాబు చెప్పుటకు సిద్ధముగా నుండుడు. కుదుపునకు నొప్పి హెచ్చలేదని మాత్రము మీరే తీర్పు చెప్పి వెనుకకు మరలవలదు.

ఆసుపత్రిలో

రోగి వెంట ఇద్దరు పోవలెను. ఒకరు ఇంటివారు, రెండవవారు తెలుగును, రోగి మాటలాడు భాషను తెలిసినవారు. మన కొండలలో కువి, పొర్జ, గదబ, ఆదివాసీ ఒడియా మాటలాడు కుటుంబములు కలవు. నొప్పి ఎట్లున్నదో సొంత భాషలో చెప్పగలిగినది పరభాషలో చెప్పలేరు. డాక్టరు ప్రశ్నకు రోగి మర్యాదకై తల యూపినచో అది జవాబుగా వ్రాయబడును. కావున దుబాసి కూడ పరిచారకుడే యని మేము చెప్పుదుము.

ఆధారు, ఆరోగ్యశ్రీగా 2007లో ఆరంభమై నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యని పిలువబడు పథకపు కార్డు, సికిల్ సెల్ కార్డు, మీరు వ్రాసిన కాగితము, ఇవన్నియు ఒక సంచిలో నుంచి పంపుడు. కాగితము దొరకలేదని ప్రయాణ మాపరాదు, వెనుక మరియొకరు తేవచ్చును.

డాక్టరు పరీక్షించిన పిమ్మట రక్తపరీక్షయు, స్కానింగును చేయింతురు. కొన్ని వేళల వెంటనే శస్త్రచికిత్స చేయక కొన్ని గంటలు కనిపెట్టియుందురు. ఇది నిర్లక్ష్యము కాదు. మరల మరల పరీక్షించుటయు వ్యాధి నిర్ణయమున ఒక భాగమే. “ఏమియు చేయుట లేదు” అని కోపించి రోగిని తీసికొని పోవలదు. సందేహ మున్నచో నర్సును మర్యాదగా అడిగి తెలిసికొనుడు.

ఇంటికి తిరిగి వచ్చిన పిమ్మట

శస్త్రచికిత్స అయిన మరుసటి దినము నుండియే మెల్లగా లేచి నడువుమని డాక్టర్లు చెప్పుదురు. కుట్లు విడిపోవునను భయముతో రోగిని మంచమునకు కట్టివేయరాదు. నడకవలన ప్రేగులు చక్కగా కదలును, ఊపిరితిత్తులు బాగుండును, కాళ్ళలో రక్తము గడ్డకట్టదు. దగ్గునపుడు చిన్న దిండును గాయముపై అదిమి పట్టుకొనవలెను.

గాయమును పొడిగాను, శుభ్రముగాను ఉంచవలెను. పసరులు, పసుపు, బూడిద పూయరాదు. గాయ మెఱ్ఱబడినను, చీము కారినను, జ్వరము వచ్చినను, కడుపుబ్బి వాంతులైనను వెంటనే ఏ.ఎన్.ఎం.కు తెలుపవలెను. ఇచ్చిన మందులను నడుమ మానరాదు. భోజనమున ప్రత్యేక పథ్య మక్కరలేదు. డాక్టరు అనుమతించిన తరువాత అంబలి, అన్నము, పప్పు, ఆకుకూరలు క్రమముగా పెట్టవచ్చును.

ఇచ్చట కూడ ఊరి సాయము కావలెను. పెద్దగాటు పెట్టి చేసిన శస్త్రచికిత్స యైనచో 4 మొదలు 6 వారముల వరకు బరువు లెత్తరాదు. కట్టెలమోపు, నీళ్ళబిందె, కాఫీ బస్తా ఏదియు వలదు. చిన్నరంధ్రముల ద్వారా చేసినదైనచో డాక్టరు ఇంకను ముందే అనుమతింపవచ్చును. ఇంటి యిల్లాలికి ఈ చికిత్స జరిగినపుడు ఆమె నీరు మోయకుండ ఆపువా రెవరు? ఇరుగుపొరుగులే. ఆ ఆరు వారములు ఆ యింటికి రెండు బిందెలు మోయుట కూడ పరిచర్యయే.

పంచాయతీ చేయగలిగినవి

ఇప్పుడు సభ్యులుగా మీరు చేయదగిన పనులను చెప్పుదుము. వీనిలో దేనికిని పెద్ద ధనము అక్కరలేదు.

ఒకటి: ప్రతి గూడెమునకు డోలీ జట్టును ముందుగనే వ్రాసి ఉంచుడు. ఏ రాత్రియైన పిలిచిన వచ్చునట్టి ఎనిమిది లేక పదిమంది పేర్లు అంగన్‌వాడీ గోడపై నుండవలెను. వారి పొలముపని ఆగినచో తక్కినవారు సాయపడుటకు గ్రామసభలో తీర్మానము చేయుడు.

రెండు: ఒక గట్టి డోలీ, దీపములు, పట్టా, థర్మామీటరు, కలము, కాగితములు ఒకచోట నుంచి, దానికొకరిని బాధ్యులను చేయుడు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘమునకు వచ్చు నిధినుండి వీనిని సమకూర్చుకొనుట గూర్చి ఆలోచింపుడు.

మూడు: సెల్‌ఫోను సంకేతము దొరకు చోటును గుర్తించి అచ్చట రాయి పాతి సున్నము వేయుడు. చీకటిలో వెదకు పని తప్పును.

నాలుగు: ఏ ఆసుపత్రిలో ఏ దినములందు శస్త్రవైద్యుడును, మత్తుమందు డాక్టరును ఉందురో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరు ద్వారా నెలనెల తెలిసికొనుడు. రోగి బయలుదేరునపుడు ఎచ్చటికి పోవలెనో ముందుగనే తెలియును. ఖాళీలున్నచో వానిని పూరింపవలసినదని తీర్మానము చేసి ఐ.టి.డి.ఏ.కు, జిల్లా అధికారులకు పంపుట మీ హక్కు.

ఐదు: “తెల్లవారనిండు” అను మాటను ఊరిలో మాన్పింపుడు. రాత్రి ఇంటివారు సందేహించుచున్నచో వార్డు సభ్యుడు లేచి వారి యింటికి పోవలెను. పేదయింట ఖర్చుభయము, కత్తిభయము, కూలిభయము ఒకదానిపై నొకటి కూర్చుండియుండును. “మేము వెంట వచ్చెదము” అను ఒక్క మాట ఆ మూటిని తేలిక పరచును.

ఆరు: బాటకై పట్టుదల వీడకుడు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలమందలి పెదపాడులో “అడవితల్లి బాట” పనులకు శంకుస్థాపన జరిగినది. ఏ గూడెమునకు బాట ఇంకను రాలేదో, రోగిని మోయు దూర మెంతయో లెక్క వ్రాసి అర్జీకి జతపరచుడు. బాట వచ్చువరకు డోలీ తప్పదు. డోలీ తప్పనంత వరకు డోలీని సిద్ధముగా నుంచుటయు తప్పదు.

సభ్యులారా, కడుపు కోసి చూచు పని డాక్టరుది. అంతవరకు కీడు చేయక, కనిపెట్టి, వ్రాసి, కదలించు పని మనది. ఈ నెల సమావేశమున తక్కిన విషయములతో పాటు దీనికిని కొంత కాలము కేటాయించి, ముందుగా డోలీ జట్టు పేర్లు వ్రాయవలసినదిగా మిమ్ము కోరుచున్నాము. ఆ జాబితా గోడపై నున్న ఊరిలో 24 గంటల నొప్పి వచ్చిన బిడ్డకు మొదటి గంటనుండియే చికిత్స ఆరంభమైనట్లే.